కొలంబస్ దొరికిన వేసవి

మా నాన్న అమెరికాలో, డెట్రాయిట్ పక్కన నోవైలో, మా ఇంట్లో దిగాక మూడు వారాల్లో మాట్లాడిన మాటలు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "కాఫీ చాలు." "చలిగా లేదు." "మీరు వెళ్ళి రండి." అంతే. అది 1984 మే నెల. ఆ జనవరిలోనే ప్రభుత్వం ఒక్క కలంపోటుతో కరణం ఉద్యోగాలు రద్దు చేసింది. గుంటూరు జిల్లాలో ఒక ఊరి లెక్కలు ముప్ఫై ఆరేళ్ళు రాసిన జగన్మోహనరావుగారు రికార్డులన్నీ మూటలు కట్టి, కొత్తగా వచ్చిన మనిషికి అప్పజెప్పి, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నారట. అమ్మ పోయి అప్పటికి నాలుగేళ్ళు. నేను ఒక్కదాన్నే కూతుర్ని. పట్టుబట్టి వీసా తీయించి తెచ్చుకున్నాను.

నాకు సిటిజెన్‌షిప్ వచ్చింది కనక గ్రీన్‌కార్డుకి పెట్టేసి ఆయన్ని ఇక్కడే ఉంచేసుకోవాలని నా పట్టుదల. మా ఆయన యోగానంద్ సరేనన్నాడు. నాన్నని అడిగితే, "నీ ఇష్టం అమ్మాయ్. అక్కడ మాత్రం నాకేం పనుంది" అన్నారు. ఒప్పుకున్నారు కదా అని సంబరపడ్డాను గానీ, ఆ అన్న తీరు మాత్రం నాకు నచ్చలేదు.

ప్రతి శనివారం నేను డెట్రాయిట్ వెళ్ళి మిసెస్ గెయిన్స్‌ని చూసి వచ్చేదాన్ని. మేము ఊళ్ళో అపార్ట్‌మెంట్‌లో ఉన్న రోజుల్లో, నేను హాస్పిటల్ ల్యాబ్‌కి డ్యూటీకి వెళితే మా అమ్మాయి రేణుని పెంచిన మనిషి ఆవిడ. స్కూలు క్యాంటీన్‌లో వంట చేసి రిటైరైన నల్లజాతి ఆవిడ, డెబ్భై తొమ్మిదేళ్ళు. నీటికాసులతో చూపు మందగించింది. ఇంట్లో ఒక్కరే కూర్చుంటారని ఆ శనివారం నాన్నని కూడా కారెక్కించాను.

ఆవిడ వంటింటి బల్ల మీద ఫోటోకాపీలు పరిచి ఉన్నాయి. పెద్ద పెద్ద కాగితాల మీద గడులు, గడుల్లో చేతిరాత.

"ఇవేంటి మిసెస్ గెయిన్స్?"

"నేను లేనని రుజువు, హనీ" అందావిడ నవ్వుతూ. ఆ నవ్వు ఆవిడ మామూలు నవ్వు కాదు.

సంగతి ఇది. ఆవిడ పుట్టింది మిసిసిపీ రాష్ట్రం, లోరింగ్ కౌంటీలో. ఆరేళ్ళప్పుడు తల్లి జ్వరంతో పోయింది. తండ్రి రెండేళ్ళ తమ్ముణ్ణి తీసుకుని ఎటో వెళ్ళిపోతే, పిల్లని పెద్దమ్మ మెంఫిస్ తీసుకుపోయి తన ఇంటిపేరుతో పెంచింది. ఆ మనిషి పేరు తన గడపలో వినపడకూడదని శాసించింది. అడుగుదామనేసరికి పెద్దమ్మా పోయింది. అలా ఈవిడకి కన్నతండ్రి పేరు తెలియదు, ఇంటిపేరు తెలియదు. తల్లిని 'మామా' అనీ తమ్ముణ్ణి 'టూట్' అనీ పిలవడం ఒక్కటే గుర్తు.

ఈ దేశంలో జనాభా లెక్కల కాగితాలు డెబ్భై రెండేళ్ళు దాటితేగాని జనానికి చూపించరు. 1910 నాటివి అప్పటికి రెండేళ్ళ క్రితమే బయటికి వచ్చాయి. ఆవిడ చర్చివాళ్ళు కొందరు కూర్చుని కౌంటీ మొత్తం వెతికారు. ఎర్నెస్టీన్ అని ఈవిడ పేరున్న నాలుగైదేళ్ళ పిల్ల ఎక్కడా లేదన్నారు.

"గవర్నమెంటు లెక్కలో నేను పుట్టనే లేదు, శాషీ. అందరి తాతముత్తాతలూ దొరుకుతున్నారు. నాకు నేనే దొరకలేదు."

నాన్న బల్ల మీంచి ఒక కాగితం తీసుకుని కిటికీ దగ్గరికి నడిచారు. కళ్ళజోడు పైకెత్తి, దించి, కాగితం దూరం పెట్టి చూశారు.

"వీడు ఇంటింటికీ తిరగలేదే" అన్నారు.

"ఎవరు నాన్నా?"

"ఎన్యూమరేటరు. పైన తేదీ చూడు. ఏప్రిల్ ఇరవై మూడు. ఈ వెనక కాగితం మీదా అదే తేదీ. రెండు వైపులా కలిపి వంద పేర్లు. పని గడిలో అంతా ఫార్మర్లే, విడివిడి పొలాల్లో ఉండే ఇళ్ళు. ఒక్కరోజులో ఎవడు తిరుగుతాడు? వయసులు చూడు. పాతిక, ముప్ఫై, నలభై, నలభై అయిదు. ముప్ఫై ఏడూ నలభై రెండూ ఎవరికీ ఉండవా? ఎక్కడో అరుగు మీద కూర్చుని రాసేశాడు వీడు."

మూడు వారాల మాటలన్నీ ఒక్కసారే మాట్లాడేశారు. నేను గబగబా ఇంగ్లీషులో చెప్పాను. మిసెస్ గెయిన్స్ కుర్చీలో ముందుకి వంగింది.

"మీ నాన్నగారు ఏం పని చేసేవారన్నావు?"

"మా ఊరి లెక్కలు రాసేవారు. జనాభా లెక్కలు కూడా. నాలుగుసార్లు."

"మిస్టర్ రావ్" అంది ఆవిడ, "వచ్చే శనివారం మీకేమైనా పనుందా?"

*

డెట్రాయిట్ పెద్ద లైబ్రరీలో మైక్రోఫిల్మ్ గది పై అంతస్తులో ఉండేది. లోరింగ్ కౌంటీ రీళ్ళు మూడు. పెట్టెలాంటి యంత్రంలో రీలు ఎక్కించి పిడి తిప్పితే, నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు జారిపోతుంటాయి. నాన్న ఆ పిడి పట్టుకున్న తీరు చూస్తే పాతికేళ్ళుగా ఆయనకి అదే పని అనిపించింది.

వెంటనే పేర్లు చదవనివ్వలేదు. ఒక కాగితం మీద 'ఎ' నుంచి 'జెడ్' దాకా గడులు గీయించారు. "ముందు వీడి దస్తూరి నేర్చుకోవాలి. మనకి గొలుసుకట్టు రాత చదవడం ఎలా నేర్పారనుకున్నావు? తెలిసిన మాట పట్టుకుని తెలియని మాట చదవాలి. మిసిసిపీ అన్న మాట ప్రతి వరసలోనూ ఉంది. అందులో 'ఎం' ఎలా రాశాడో చూడు, 'ఎస్' ఎలా రాశాడో చూడు. ఫార్మర్‌లో 'ఎఫ్' పట్టుకో. అప్పుడు పేర్ల దగ్గరికి వెళ్దాం."

రెండు శనివారాలు అక్షరాలతోనే సరిపోయింది. మిసెస్ గెయిన్స్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ఆవిడకి తెర మీద అలుక్కుపోయినట్టు తప్ప ఏమీ కనిపించదు. అయినా రానని అనేది కాదు. మధ్యాహ్నం బయట మెట్ల మీద కూర్చుని తినడానికి ఆవిడ ఉప్పు వేసి ఉడకబెట్టిన వేరుసెనక్కాయలు తెచ్చేది. నాన్న మొదటి కాయ నోట్లో వేసుకుని నా వైపు ఆశ్చర్యంగా చూశారు.

"ఇదేంటే, గెయిన్సమ్మగారిది మా ఊరేనా?"

అది ఆవిడకి చెబితే పెద్దగా నవ్వింది. ఆవిడ కేకుల్లో కోడిగుడ్డు ఉంటుందని నాన్న తినలేదన్న కోపం ఆ రోజుతో తీరిపోయింది.

ఆ మెట్ల మీదే నాన్న ఆవిణ్ణి ప్రశ్నలు అడిగేవారు. ఇంటి పక్కన ఏముంది? బావి ఎవరిది? నాన్న ఏం పని చేసేవాడు? కలపమిల్లు అంది ఆవిడ. పక్కింట్లో ఎవరు? ఆవిడ కాయ ఒలుస్తూ ఆగింది.

"పక్కింట్లో రెవరెండ్‌గారు. పేరు తెలియదు, అందరూ రెవరెండ్ అనేవారు. ఆయనకి కళ్ళు లేవు. ఆదివారం చెయ్యి పట్టుకుని చర్చికి నడిపించడం నా పని."

నేను తెలుగులో చెప్పడం పూర్తి కాకుండానే నాన్న లేచి నిలబడ్డారు. తొక్కలు ఒళ్ళోంచి మెట్ల మీద పడ్డాయి.

"పద అమ్మాయ్, పద! కుడివైపు చివర, ఆఖరి గడికి ముందు గడి!"

నిజమే. ఆ కాగితాల్లో ముప్ఫై రెండు గడులుండేవి. ముప్ఫై ఒకటోది, గుడ్డివాళ్ళయితే 'బి ఎల్' అని రాయాల్సిన గడి. ఇన్నాళ్ళూ మేము ఎడమవైపు పేర్లు చదువుతున్నాం. ఇక పేర్లు వదిలేసి, పిడి గిర్రున తిప్పుతూ ఆ ఒక్క గడి చూసుకుంటూ పోయాం. రెండు వేల పైచిలుకు వరసలకి ఒక 'బి ఎల్' వచ్చింది. ముసలమ్మ. మరో రీలు. మళ్ళీ ఒకటి. పన్నెండేళ్ళ పిల్లవాడు. లైబ్రరీ ఆవిడ వచ్చి, ఇంకో అరగంటలో మూసేస్తామని చెప్పి వెళ్ళింది.

మూడో 'బి ఎల్'. నాన్న పిడి ఆపి, వేలితో వరస వెంట ఎడమవైపు జరిగారు. పని అన్న గడిలో ఏం రాసుందో నేను చదివేలోపే ఆయనే పైకి చదివారు, "ప్రీచర్."

మిసెస్ గెయిన్స్ నా ముంజెయ్యి పట్టుకుంది.

"కింద వరసలు చదువు" అన్నారు నాన్న.

చదివాను. "ఫె... టిస్. ఫెటిస్, విల్లిస్. కుటుంబ పెద్ద. ముప్ఫై. కలపమిల్లులో కూలి."

"ఫెటిస్ కాదు. ప్రీచర్‌లో 'పి' చూడు. అదే వంపు. పెటిస్."

"పెటిస్, లూలా. భార్య. పాతిక. ఎర్నెస్ట్, కొడుకు, అయిదు. కొలంబస్, కొడుకు, ఆరు నెలలు."

ఇద్దరూ కొడుకులే.

"నాకు ఎర్నెస్ట్ అనే అన్నయ్య లేడు" అంది మిసెస్ గెయిన్స్. నా ముంజెయ్యి మీద ఆవిడ పట్టు వదులైంది. "ఇంకెవరో వీళ్ళు."

నాన్న మాత్రం తెర మీంచి కళ్ళు తిప్పలేదు. "లూలా వరసలో ఈ రెండు గడులు చూడు. కన్నపిల్లలు ఎందరు, బతికున్నవాళ్ళు ఎందరు. రెండు, రెండు. పక్కింటి ప్రీచరూ కలిశాడు, మిల్లూ కలిసింది. ఈ కొడుకే నిజమైతే గెయిన్సమ్మగారు ఎక్కడ? మూడో బిడ్డకి చోటు లేదు. ఆ ఎర్నెస్ట్ ఈవిడే. ఆడపిల్లని మగపిల్లవాడని రాశాడు."

"అంత తప్పు ఎలా రాస్తారు నాన్నా? ఎదురుగా పిల్ల కనిపిస్తుంటే?"

"ఎదురుగా లేదు. చెప్పాను కదా, వీడు ఆ ఇళ్ళకి వెళ్ళలేదు. మిల్లు మేస్త్రీని పిలిచి అడిగి ఉంటాడు. వాడు ఎర్నెస్ ఏదో అన్నాడు, వీడు ఎర్నెస్ట్ అని రాసుకున్నాడు."

"అంత కచ్చితంగా మీకెలా తెలుసు?"

నాన్న యంత్రం మీంచి చెయ్యి తీసేశారు.

"నేనూ అలాగే రాశాను గనక. యాభై ఒకటిలో. నేను హరిజనవాడలో అడుగు పెట్టలేదు. చావడిలో కూర్చుని, ఆ పేటవాడే అయిన వెట్టివాణ్ణి కింద కూర్చోబెట్టి, వాడు చెప్పింది రాసుకున్నాను. పేటలో నూట పన్నెండు మంది. ఒక్క పూటలో అయిపోయింది. ఆడో మగో అడగలేదు. పేరు వాడికి తెలియకపోతే తోచిన పేరు పెట్టాను." నా వైపు తిరిగి, "ఆవిడకి చెప్పు" అన్నారు.

చిన్నప్పుడు మా ఊళ్ళో, కరణంగారమ్మాయినని నేను తలెత్తుకు తిరిగిన వీధులు గుర్తొచ్చాయి. ఆ మాటలు అలాగే ఇంగ్లీషులో పెట్టడం నా వల్ల కాలేదు. ఆ రోజుల్లో అక్కడా ఇలాంటి పొరపాట్లు జరిగేవట అన్నట్టు ఏదో చెప్పాను.

నాన్నకి ఇంగ్లీషు మాట్లాడటం రాదు గానీ నా ఇంగ్లీషు అర్థం కాకపోదు. "నేను అని చెప్పు. నేను రాశానని చెప్పు" అన్నారు.

ఈసారి చెప్పాను. వెట్టివాడు, కింద కూర్చోవడం, అంతా.

మిసెస్ గెయిన్స్ కుర్చీ తెరకి దూరంగా జరుపుకుంది. తర్వాత అడిగింది. "ఆ మనుషులెవరైనా తర్వాత ఈయన దగ్గరికి వచ్చి అడిగారా?"

"వచ్చారు" అన్నారు నాన్న. "వయసు కాగితం కావాలని. రిజిస్టర్లో లేదని పంపేశాను."

ఆవిడ చేతిసంచీ తీసుకుని లేచింది. "నన్ను ఇంటి దగ్గర దింపు, శాషీ."



*

ఆ వారం ఇంట్లో నేను నాన్నతో సరిగ్గా మాట్లాడలేకపోయాను. అన్నం దగ్గర యోగి సర్దిచెప్పబోయాడు. "ఆ రోజుల్లో అందరూ అంతే కదా మావయ్యగారూ."

"అందరూ అంతే" అన్నారు నాన్న. "ఆ ముక్కే చెప్పాను."

శుక్రవారం ల్యాబ్ నుంచి వచ్చేసరికి ఫోన్ మోగుతోంది. మిసెస్ గెయిన్స్.

"మూడు రోజులు మిసిసిపీలో ఆ లెక్కలు రాసినవాడి మీద మండిపడ్డాను. రెండు రోజులు మీ నాన్న మీద. ఆ ఇద్దర్లో నా ఎదుట నిలబడి చెప్పింది ఒక్కడే. రేపు తీసుకురా. కొలంబస్‌ని వెతకాలి, ఆయన కళ్ళు కావాలి నాకు."

"ఆయనతో ఏం చెప్పమంటారు?"

"క్షమించానని మాత్రం చెప్పకు. రమ్మన్నానని చెప్పు."

ఉన్నదున్నట్టు చెప్పాను. నాన్న తల ఊపి, ఇస్త్రీ చొక్కా తీసిపెట్టమన్నారు.

ఆ జులై, ఆగస్టులు ఎలా గడిచాయో చెప్పలేను. లైబ్రరీలో దేశంలోని పెద్ద ఊళ్ళన్నిటి టెలిఫోన్ డైరెక్టరీలూ గోడపొడుగునా ఉండేవి. దక్షిణాది నుంచి జనం ఏ ఊళ్ళకి వలస వెళ్ళారో మిసెస్ గెయిన్స్ చెప్పేది. సెయింట్ లూయిస్, షికాగో, గేరీ, క్లీవ్‌లాండ్, మిల్వాకీ. నేను డైరెక్టరీలు దించేదాన్ని. నాన్న పెటిస్‌లని వెతికి చీటీలు రాసేవారు. యోగి కూడా రెండు శనివారాలు గోల్ఫ్ మానేసి వచ్చాడు. "ఇండియాకి దారి వెతుక్కుంటూ వచ్చిన కొలంబస్‌ని ఇండియా వాళ్ళే పట్టుకోవాలి మావయ్యగారూ, పరువు సమస్య!" అంటే నాన్న పైకే నవ్వేశారు. ఇక్కడికి వచ్చాక ఆయన నవ్వగా వినడం అదే మొదలు.

కొలంబస్ అన్న పేరు ఎక్కడా దొరకలేదు. 'సి. పెటిస్' అని మాత్రం పద్నాలుగు మంది తేలారు. మిసెస్ గెయిన్స్ చెబుతుంటే ఉత్తరం నేను టైపు చేశాను. తల్లి లూలా, తండ్రి విల్లిస్, కలపమిల్లు, పక్కింటి గుడ్డి రెవరెండ్. కవర్ల మీద చిరునామాలు నాన్న రాశారు, ముత్యాల్లాంటి కచేరీ దస్తూరితో. పోస్టాఫీసులో గుమాస్తా ఆ కవర్లు తిప్పి తిప్పి చూశాడు.

తొమ్మిది ఉత్తరాలకి జవాబే లేదు. మూడు తిరిగొచ్చాయి. ఒకటి షికాగో నుంచి, మీరు వెతికే మనిషిని నేను కాదని. సెప్టెంబరు పద్దెనిమిదిన నేను ల్యాబ్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. మిల్వాకీ నుంచి ఒక ఆడగొంతు. "మా నాన్నగారి పేరు కొలంబస్ పెటిస్. మీ ఉత్తరం ఆయనకి చదివి వినిపించాను. నాలుగుసార్లు చదివించుకున్నారు. ఒక్క మాట అడగమన్నారు. ఆ అక్క పేరు టీనీయేనా?"

నాకు తెలియదు. చేతిలో గాజుగొట్టం పక్కన పెట్టేసి మిసెస్ గెయిన్స్‌కి ఫోన్ చేశాను. టీనీ అన్న మాట చెప్పగానే అవతలనుంచి వచ్చిన కేకకి పక్కబల్ల దగ్గర పనిచేస్తున్న అమ్మాయి కూడా ఉలిక్కిపడి లేచింది. ఎర్నెస్టీన్‌లో టీన్! ఆ పేరుతో పిలిచేవాళ్ళెవరూ డెబ్భై ఏళ్ళుగా లేక, ఆవిడే మరిచిపోయింది.

*

అక్టోబరు మొదటి ఆదివారం మధ్యాహ్నం కొలంబస్‌గారి కూతురు ఆయన్ని కారులో మిసెస్ గెయిన్స్ ఇంటికి తీసుకొచ్చింది. బాగా పొడుగు మనిషి, కాస్త వంగిపోయాడు, డెబ్భై అయిదేళ్ళు. గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. మిసెస్ గెయిన్స్ ఎదురువెళ్ళి రెండు చేతులతో ఆయన మొహం తడిమి చూసింది. ఇద్దరూ ఏడవలేదు. మేము ఏడుస్తున్నాం. ఆయన కూతురూ, నేనూ, రేణూ.

అక్క కూడా తల్లితోపాటే పోయిందని తండ్రి ఆయనకి చెప్పాడట. చనిపోయే ముందు మాత్రం 'టీనీ' అన్నాడట, అంతకుమించి ఏమీ చెప్పలేదట. కాఫీ పోశాక, వంటింటి బల్ల దగ్గర ఆయన మొదట అడిగింది ఇదే. "మామా ఎలా ఉండేది? నాకు చెప్పేవాళ్ళెవరూ లేకపోయారు."

మిసెస్ గెయిన్స్ కళ్ళు మూసుకుంది. "పొట్టి మనిషి. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునేది. అన్నీ ఎడమచేత్తోనే చేసేది. చర్చిలో అందరూ దానికే ఎగతాళి చేసేవారు."

ఆయన కాఫీ కప్పు కింద పెట్టాడు, ఎడమచేత్తో. "నాదీ అదే చెయ్యి" అన్నాడు.

నాన్న నా భుజం తట్టి బయటికి రమ్మని సైగ చేశారు. వాళ్ళని వాళ్ళకి వదిలేసి వెనక మెట్ల మీద కూర్చున్నాం. ఎండ వెచ్చగా ఉంది. లోపల ఆవిడ గొంతు ఆగకుండా వినిపిస్తోంది.

"యోగికి చెప్పి నా టికెట్ ముందుకి జరిపించు" అన్నారు నాన్న.

"గ్రీన్‌కార్డు కాగితాలు పంపించేస్తున్నాను నాన్నా. ఇక్కడే ఉంటానన్నారు కదా."

"అన్నాను. అప్పుడు నాకు అక్కడ పని లేదు." ఆయన రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నారు. "నూట పన్నెండు మంది అమ్మాయ్. సగం మంది పోయి ఉంటారు. మిగతావాళ్ళు ఉండగానే వెళ్ళాలి. పింఛన్లకి వయసు కాగితాలు కావాలంటున్నారు కదా ఇప్పుడు."

"మీ చేతిలో ఇప్పుడు అధికారం లేదు. మిమ్మల్ని గుమ్మం ఎక్కనిస్తారా?"

"ఎక్కనివ్వకపోవచ్చు."

లోపలినుంచి మిసెస్ గెయిన్స్ కేక వేసింది. "మిస్టర్ రావ్! ఎక్కడికి పోయారు? మా తమ్ముడికి మీ పేరు పలకడం రావడం లేదు, వచ్చి నేర్పండి!"

అక్టోబరు ఇరవైన ఆయన్ని విమానం ఎక్కించాం. డిసెంబరులో ఉత్తరం వచ్చింది. మొదటి రోజు పేటలో ఎవరూ కూర్చోమనలేదట. ఇన్నాళ్ళకి గుర్తొచ్చామా అని ఒకాయన మొహం మీదే అడిగాడట. రెండో రోజు ఒక ముసలామె అరుగు మీద గోనెసంచి పరిచిందట. నిలబడీ కూర్చునీ మొదటి వీధివాళ్ళ పేర్లూ వయసులూ అడిగి రాసేసరికి పదహారు రోజులు పట్టిందని రాసి, చివర్లో సంతకానికి ముందు ఒక్క వాక్యం రాశారు. "రేపు రెండో వీధి మొదలుపెడుతున్నాను."